రెండు రింగుల కబురు

మా మాబు వాళ్ళ నాన్న పరుపులకు దూది ఏకేవాడు. మాబుకి ఆ పని అబ్బలేదు. వినుకొండ కొండ వెనక నల్లరేగడి కౌలుకు తీసుకుని మిరప వేస్తాడు. కోత మొదలైతే కాయలు ఎండబోసిన కల్లంలోనే అతని కాపురం. పక్క కల్లం నాది. ఎర్రగా ఎండిన కాయలంటే దొంగలకు మహా ఇష్టం కాబట్టి ఇద్దరం అక్కడే మంచాలు వేసుకుని పడుకుంటాం.

మాబు కూతురు సిద్దికా చిలకలూరిపేటలో స్పిన్నింగ్ మిల్లులో పని చేస్తుంది. రెండేళ్ళ కిందట తల్లికొకటి, తండ్రికొకటి ఫోన్లు కొనిచ్చింది. ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఒకే నీలం రంగు. చూడ్డానికి కవలలు, గుణాలు మాత్రం ఉత్తర దక్షిణాలు. మాబు భార్య నసీమున్నీసా ఫోను ఏ మూల పెట్టినా సిగ్నల్ పట్టేది గానీ, మధ్యాహ్నానికే ఛార్జింగ్ అయిపోయేది. మాబుది రెండు రోజులైనా ఆరిపోయేది కాదు. కొండ వెనక్కి వచ్చిందా, గుడ్లు తేలేసేది.

"నీ ఫోను ఉత్త తిండిపోతు" అనేవాడు మాబు.

"నీది చెవిటిది. అచ్చం నీలాగే" అనేది ఆమె.

ఒకరోజు ఆమె అన్నం తెచ్చినప్పుడు ఈ తగువు తేల్చుకుందామని కూర్చున్నారు. రెండు ఫోన్లూ కాయల రాశి మీద పెట్టారు. మంచం మీద, డ్రమ్ము మీద, చివరికి నా నెత్తి మీద కూడా పెట్టి గీతలు లెక్కపెట్టారు. అన్నిచోట్లా ఆమె ఫోనే గెలిచింది. గెలిచిన కాసేపటికే ఛార్జింగ్ పెట్టమని ఎర్రగీత చూపించింది. ఆ రోజు నవ్వినంతగా మేం ముగ్గురం మళ్ళీ నవ్వలేదు.

వినుకొండలో ఫోన్ల షాపు నడిపే శ్యామ్ సుందర్‌ని అడిగితే విషయం చెప్పాడు. "టవరుతో మాట్లాడే చిప్పు ఉంటదండీ లోపల. మోడెం అంటారు. ఒకే మోడల్‌లోనే రెండు రకాలు వేసి వదుల్తారు. ఒకటి సిగ్నల్‌ని గట్టిగా పట్టుకుంటది, బ్యాటరీ తాగేస్తది. ఇంకోటి పొదుపే గానీ పట్టు తక్కువ." డబ్బా మీద ఒక్క ముక్కయినా రాయరా అంటే, రాయరండీ అన్నాడు. మా విత్తనాల ప్యాకెట్ల మీద కూడా అంతేలే అనుకుని వచ్చేశాం.

నసీమున్నీసా ఆలోచించి ఫోన్లు మార్చేసింది. ఇంటికి టవరు దగ్గర కాబట్టి ఆమెకు చెవిటి ఫోనైనా చాలు. కల్లంలో ఒంటరిగా ఉండేవాడికి సిగ్నల్ ముఖ్యం. కల్లంలో కరెంటు లేదు కదా అని మాబు గొణిగాడు. చివరికి అతనే ఉపాయం కనిపెట్టాడు. పగలంతా ఫోను ఆపేసి, పొద్దు గూకగానే ఆన్ చేసి, పని కాగానే మళ్ళీ ఆపేయడం.

ఆ పని ఏమిటంటే రెండు రింగులు. వాళ్ళ పెళ్ళయిన కొత్తలో, సెల్ ఫోన్లు వచ్చిన రోజుల్లో మొదలైన అలవాటు. మాబు రెండు రింగులిచ్చి కట్ చేస్తే "తిన్నాను, బాగున్నాను, తలుపేసుకో" అని అర్థం. ఆమె ఎత్తకూడదు. తిరిగి చేయకూడదు. చేస్తే ఏదో కొంప మునిగినట్టు. ఇప్పుడు ఎంతసేపు మాట్లాడినా ఒకటే రీచార్జి అయ్యా అని నేను మొత్తుకున్నా వినలేదు. అలవాటు అలాంటిది.

నిరుడు ఫిబ్రవరిలో ఒక సాయంత్రం మాబు ఎప్పటిలాగే ఫోను ఆన్ చేశాడు. రెండు రింగులిచ్చి, కట్ చేసి, వెంటనే ఆపేశాడు. "మా ఆవిడకి కబురు పోయింది" అంటూ కాయల మీద పట్టలు కప్పడానికి లేచాడు. నేను పక్కనే ఉన్నాను.

తెల్లవారి పాలు పోసే మనిషి తలుపు నెట్టి చూస్తే నసీమున్నీసా మంచం పక్కన నేల మీద ఉంది. గుండెపోటు. చేతిలో ఫోను అలాగే ఉంది. అందులో ఛార్జింగ్ సగానికి పైగా ఉంది.

ఖననమయ్యాక సిద్దికా తల్లి ఫోను తెరిచి చూసింది. చూసి మొహం తిప్పుకుంది. మాబు వదల్లేదు.

"ఏముందమ్మా అందులో?"

"నీకు చేసింది నాన్నా."

"ఎప్పుడు?"

"నువ్వు కట్ చెయ్యగానే."

నొప్పి ఎప్పుడు మొదలైందో ఎవరికీ తెలియదు. మొగుడి ఫోను పొద్దు గూకేదాకా ఆపేసి ఉంటుందని ఆమెకు తెలుసు. అందుకే ఆ రెండు రింగుల కోసం కాచుకుని ఉంటుంది. అవి రాగానే, ఇన్నేళ్ళలో మొదటిసారి, తిరిగి చేసింది. నూట ఎనిమిదికి చేయొచ్చు కదా, పక్కింటికి చేయొచ్చు కదా అని ఊళ్ళో తెలివైనవాళ్ళు అన్నారు. వాళ్ళ మీద నాకు ఒళ్ళు మండింది. ప్రాణం మీదికొస్తే ఆడది మొదట ఎవరిని పిలుస్తుంది?

మాబు ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. అతని బదులు నేనే ఏడ్చాను.

ఈ ఏడు మళ్ళీ కోతలు వచ్చాయి. మాబు ఎక్కడి నుంచో పాత ట్రాక్టరు బ్యాటరీ తెచ్చి, దానికి వైర్లు కట్టి కల్లంలో పెట్టుకున్నాడు. ఆ తిండిపోతు ఫోను ఇప్పుడు పగలూ రాత్రీ వెలుగుతూనే ఉంటుంది. సిద్దికా తప్ప దానికి చేసేవాళ్ళు లేరు.

మొన్న సాయంత్రం నా ఫోను ఒకసారి మోగి ఆగిపోయింది. మా ఆవిడ, క్యారేజీ పంపించానని. నేను దాన్ని పక్కన పెట్టి కాయలు తిరగేయబోయాను.

"తిరిగి చెయ్యన్నా" అన్నాడు మాబు తన రాశి దగ్గర్నుంచి.

"మిస్డ్ కాలేరా. ఏం లేదు."

"ఏం లేదని ఆమెని చెప్పనీ."

చేశాను. మా ఆవిడ హడలిపోయి ఎత్తింది. "ఏంటి? ఏమైంది? ఎందుకు చేశారు?" అని కేకలు. ఆమె గొంతు మాబు దాకా వినిపించింది.

నేను పెట్టేయబోతుంటే అతను చేత్తో ఆగమన్నాడు. మా ఆవిడ తిట్టడం అయిపోయి, తనే పెట్టేసేదాకా, అలా నిలబడి విన్నాడు.