ఇక్కడ ఆగాలి

మెట్ల మీద ఎదురైన మనిషికి ఒక్క మాట చెప్పాల్సింది. చెప్పలేదు. దానికి బదులు "త్వరగా వెళ్లన్నా, నీ పేరు పిలుస్తున్నారు" అన్నాను. ఆ రోజు జరిగినదంతా ఈ ఇరవై రెండేళ్లలో పెళ్లిళ్లలో, స్టాఫ్ రూముల్లో ఎన్నోసార్లు చెప్పి జనాన్ని నవ్వించాను కానీ, మెట్ల దగ్గరి ముక్కను మాత్రం ప్రతిసారీ జాగ్రత్తగా కత్తిరించాను. ఈసారి కత్తెర పక్కన పెట్టి చెబుతాను. నవ్వొచ్చే భాగం ముందే ఉంది, కంగారు పడకండి.

ఆ రోజుల్లో అమీర్‌పేటలో నేర్పని విద్యంటూ లేదు. ఒక్కో మేడకు కిటికీల కన్నా బోర్డులు ఎక్కువ. నెలన్నరలో జావా, నెలలో టెస్టింగ్, ఇరవై రోజుల్లో ఇంగ్లీషు. మా నాన్నగారు నన్ను కాకినాడ నుంచి జావా కోసం పంపారు. రెండు బ్యాచ్‌లు కూర్చున్నా అది నాకు అంటలేదు. "ఏంటి, ఎంతవరకు వచ్చింది?" అని ఆయన ఫోనులో అడిగేవారు. "వస్తోందండి" అనేవాణ్ణి, అదేదో బస్సయినట్టు. సరిగ్గా అప్పుడు, మూడో అంతస్తులో జావాకూ టెస్టింగుకూ మధ్య ఇరుక్కున్న ఒక చిన్న బోర్డు కనబడింది: 'యూనివర్సిటీ సంగీత ప్రవేశ పరీక్ష – క్రాష్ కోర్సు – సీటు గ్యారంటీ'. చిన్నప్పుడు మా అమ్మ దగ్గర సంగీతంలో వర్ణాల దాకా నేర్చుకున్నాను. గొంతు చెడ్డదని ఎవరూ అనలేదు (మంచిదని కూడా ఎవరూ అనలేదు). విశ్వవిద్యాలయంలో సీటొస్తే నాన్నగారికి చెప్పుకోవడానికి ఒక సమాధానం దొరుకుతుంది. నా సంగీత తృష్ణ మొత్తం ఇంతే.

అమీర్‌పేట హాస్టల్లో నా గదిలోనే ఉండే మిషనన్న సంగతి వేరు. సిద్దిపేట వైపు మనిషి, నాకన్నా నాలుగేళ్లు పెద్ద. పంజాగుట్టలో ఒక బట్టల కుట్టు దుకాణంలో పొద్దస్తమానం మిషను తొక్కేవాడు కాబట్టి హాస్టల్లో ఆ పేరు స్థిరపడింది. వాళ్ల ఊరి భజన మండలిలో మొదలైన పాటను, నగరానికొచ్చాక ఒక రిటైరైన టీచరమ్మ దగ్గర సానబెట్టుకున్నాడు. అతనూ అదే పరీక్షకు దరఖాస్తు పెట్టాడు. వయసు నిబంధన ప్రకారం అతనికి అదే ఆఖరి ఏడాది. "సీటొస్తే సాలు తమ్మీ, యాడనన్న బడిల సంగీతం సార్‌నైత. గీ మిషిని తొక్కీ తొక్కీ మోకాళ్లు పోతున్నయ్" అనేవాడు. అతనికి కోచింగ్ లేదు. పొద్దున్నే పళ్లు తోముకుంటూ కూడా కాలితో లయ వేస్తూ మోహన రాగంలో స్వరాలు అల్లుకునేవాడు.

తెలియనివారి కోసం ఒక మాట. పరీక్షలో కీర్తన పాడితే చాలదు. దాని తర్వాత అదే రాగంలో అప్పటికప్పుడు స్వరాలు అల్లి పాడాలి. దాన్నే స్వరకల్పన అంటారు. చివర్లో ఆ స్వరాలన్నిటినీ ముడివేసి దించే అల్లికను ముక్తాయింపు అంటారు. మిషనన్న తన ముక్తాయింపును కుట్టుమిషను నడకలో కట్టుకున్నాడు. గబగబా పరుగు, మలుపు దగ్గర నెమ్మది, మళ్లీ పరుగు, ఉన్నట్టుండి నిశ్శబ్దం. ఆ తర్వాత మూడుసార్లు ఒకే కుట్టు వేసి దింపేవాడు. "మధ్యలో ఆ ఖాళీ ఏంటన్నా?" అని అడిగాను. "దారం తెగింది గదా! మల్ల ఎక్కియ్యాలె. జర ఆగకపోతే ఎట్ల?" అన్నాడు.

ఇక మా కోర్సు సార్. ఆయన కూడా అమీర్‌పేట మనిషే, అంటే కాగితం మీద లేనిదాన్ని విద్య అనుకోని మనిషి. మొదటి రోజే బల్ల గుద్ది చెప్పారు. "అప్పటికప్పుడు పాడటం రిస్కు. కల్పన అంతా ముందే రాసుకుని బట్టీ పట్టండి. హాల్లో అప్పుడే తట్టినట్టు మొహం పెట్టండి." ఆ మొహం ప్రాక్టీసుకు వారానికో క్లాసు ఉండేది (కనుబొమ్మలు పైకి, చూపు సీలింగు ఫ్యాను మీద). సొంతంగా స్వరాలు రాసుకుని రమ్మన్నారు. నాకు ఎంత రాసినా జావా ప్రోగ్రామే, ఎక్కడ మొదలైందో అక్కడే తిరిగేది. చివరికి ఒక పొద్దున మిషనన్న పాడుతుంటే దుప్పట్లో పడుకునే ఆ ముక్తాయింపంతా నోట్‌బుక్కులో దించేశాను. అతను నిశ్శబ్దంగా ఉన్నచోట ఏం రాయాలో తెలియక, బ్రాకెట్లో 'ఇక్కడ ఆగాలి' అని రాశాను.

సార్ అది చూసి కళ్లజోడు తీశారు. "ఎవరిదయ్యా ఇది?"

"నాదే సార్."

రెండు ముక్కలే. నిజం చెప్పినా ఆయన ఏమీ అనేవారు కాదు. కానీ ముందు బెంచీలో ఒక అమ్మాయి "మీరే కట్టారా అండీ!" అని వెనక్కి తిరిగి చూసింది. జావా బ్యాచ్‌లో రెండు విడతలు కూర్చున్నా ఎవరూ నావైపు అలా తిరిగి చూడలేదు.

మర్నాటికి అది పన్నెండు మంది చేతుల్లోనూ జెరాక్సు కాగితమై కూర్చుంది. పైన 'మోడల్ కల్పన – తప్పక వచ్చును' అని శీర్షిక. అప్పుడైనా లేచి చెప్పొచ్చు. సార్ నన్ను బ్యాచ్ టాపర్ అన్నారు. కూర్చునే ఉన్నాను.

పరీక్ష రోజు తలుపు బయట వసారాలో బల్లల మీద అందరం వరసగా కూర్చున్నాం. లోపల ముగ్గురు పరీక్షకులు. కళ్లు మూసుకుని తాళం వేసే ఒక పెద్దాయన, ఒక మేడమ్, మార్కులు రాసుకునే ఇంకొకాయన. మొదట వెళ్లిన మా బ్యాచ్ అమ్మాయి ముక్తాయింపు పాడగానే పెద్దాయన "భళా!" అనడం బయటికి వినిపించింది. రెండో అతను పాడాక ఏమీ వినిపించలేదు. మూడో అతను పాడుతుంటే దగ్గు వినిపించింది. నాలుగో అతను కంగారులో ఆగాల్సిన చోట ఆగకుండా, "ఇక్కడ ఆగాలి" అనే ముక్కను కూడా మోహన రాగంలో, తాళం తప్పకుండా పాడేశాడు. లోపల మేడమ్ నవ్వు ఆపుకోలేకపోయారు. ఇప్పటికీ నేను ఇక్కడికి రాగానే జనం పొట్ట పట్టుకుంటారు.

అయిదోవాణ్ణి నేను. పెద్దాయన రెండు కళ్లూ తెరిచే ఉన్నారు. "బాబూ, మీరంతా ఒకే ఇంట్లో ఉంటారా?" అన్నారు. ఆ ఒక్క ప్రశ్నతో నా తలలో ఉన్న జెరాక్సు మొత్తం తెల్ల కాగితమైపోయింది. ఫ్యాను వైపు చూశాను. నిజంగానే ఏమీ తట్టలేదు. సరిగప అన్నాను, పగరిస అన్నాను, ఒకచోట మోహనలో లేని స్వరం కూడా పట్టుకుని సిగ్గుపడి వదిలేశాను. ముక్తాయింపు లేదు, ఊరికే దిగిపోయాను. మేడమ్ మిగతా ఇద్దరి వైపు చూసి, "పోనీలెండి, తప్పయినా సొంత తప్పు" అన్నారు. నాకు సీటు వచ్చింది ఆ వాక్యానికే.

బయటికొచ్చి దిగుతుంటే మెట్ల మీద మిషనన్న ఎదురొచ్చాడు, పరుగున. చొక్కాకు ఇంకా దారపు పోగులు అంటుకుని ఉన్నాయి. "సేటు ఇడువలే తమ్మీ! పెండ్లి జాకెట్లు ఉన్నయని కూసోబెట్టిండు. నా పేరు పిలిచిన్రా?" లోపల ఏం జరిగిందో అతను వినలేదు. "అన్నా, ఆ ముక్తాయింపు పాడకు" అంటే సరిపోయేది. అతనికి మరొకటి అల్లుకోవడం చిటికెలో పని. కానీ ఎందుకు పాడొద్దో అడుగుతాడు. నేను పక్కకు తప్పుకుని, మొదట్లో చెప్పానే, ఆ మాట అన్నాను.

మళ్లీ పైకెక్కి తలుపు దగ్గర నిలబడి విన్నాను. మేమంతా బట్టీ పట్టింది బొమ్మ, అసలు మనిషి ఇప్పుడొచ్చాడు. ఆ నిశ్శబ్దంలో నిజంగా దారం ఎక్కుతున్నట్టే ఉంది. కానీ పెద్దాయన తాళం ఆపేశారు.

"అమీర్‌పేట నుంచేనా నాయనా?"

"అవ్ సార్, అమీర్‌పేటనే!" తనను గుర్తుపట్టారనుకుని సంబరంగా అన్నాడు మిషనన్న.

"బాగా బట్టీ పట్టావు. ఇక చాలు."

తిరిగి పంజాగుట్ట దాకా నడిచాం. చౌరస్తా దగ్గర ఆగి అన్నాడు. "అందరు అదే పాడిన్రంట. అంటే నేను సుత యాడనో ఇన్నదే కావొచ్చు తమ్మీ. రేడియోల ఇన్ననో ఏమో. నాదే అనుకున్న, చూడు." నేను ఏమన్నానో తెలుసా? "అయ్యుండొచ్చన్నా" అన్నాను. సీటు పోవడంలో నా పాలు సగమే అనుకున్నా, ఈ మాట పూర్తిగా నాది. ఆ తర్వాత పొద్దున్నే అతని పాట వినబడలేదు. పళ్లు తోముకునేటప్పుడు పళ్లే తోముకునేవాడు. నేను యూనివర్సిటీ హాస్టలుకు మారిపోయాను.

అతను కావాలనుకున్నది నేనయ్యాను. బంజారాహిల్స్‌లో ఒక పెద్ద బడిలో సంగీతం సారుని. కిందటి నెల ఒక విద్యార్థిని తన ఫోను చూపించింది. "సార్, ప్రవేశ పరీక్షకు ఈ మెటీరియల్ బాగుందటండీ, గ్రూపులో వచ్చింది." చూశాను. మోహన, అదే పరుగు, అదే మలుపు, బ్రాకెట్లో 'ఇక్కడ ఆగాలి'. కింద 'రచన: సంప్రదాయం' అని ఉంది. మిషనన్న ముక్తాయింపు నా చేతివాటంతో సంప్రదాయమైపోయింది! ఆ పిల్ల ముందు నవ్వాను. ఆ రాత్రే పాత హాస్టల్ వాళ్లకు ఫోన్లు చేశాను.

వాకబు చేస్తే కృష్ణానగర్‌లో దొరికాడు. సినిమాల్లో గుంపులో నిలబడేవాళ్లకు పోలీసు చొక్కాలు, పూజారి పంచెలు కుట్టే సొంత దుకాణం. ఏం చెప్పాలో రెండు పేజీలు రాసుకుని, వచ్చే దారంతా బట్టీ పట్టాను (అమీర్‌పేట బుద్ధి ఎక్కడికి పోతుంది). నన్ను చూడగానే మెడలో టేపుతోనే లేచి వచ్చాడు. "అరె తమ్మీ! సంగీతం సారైనవంట గదా, మస్తు ఖుషీ! కూసో, చాయ్ తాగుదువు." దుకాణంలో అన్నీ కరెంటు మిషన్లే, ఒకే రొద, ఎక్కడా నడక లేదు. "పాడుతున్నావా అన్నా?" అని అడిగాను. "ఇనుడే. మనకు సొంతంగ ఏం రాదని ఆ పొద్దే తెల్సింది గదా" అని నవ్వి, ఖాకీ చొక్కాకు గుండీలు చూసుకోసాగాడు.

రెండు పేజీలూ తలలోంచి ఎగిరిపోయాయి. పైకి చూస్తే ఇక్కడా ఒక ఫ్యాను తిరుగుతోంది. ఆ పిల్ల చేత పంపించుకున్న ఆ కాగితాన్ని ఫోనులో తెరిచి అతని చేతిలో పెట్టాను. చదివాడు. బల్ల కింద అతని కాలు కదలడం చూశాను. బ్రాకెట్ దగ్గరికి రాగానే ఆగింది.

"అన్నా, దాన్ని నువ్వు ఎక్కడా వినలేదు" అన్నాను. "నేనే విన్నాను. నీ దగ్గర, దుప్పట్లో పడుకుని. నాదని చెప్పాను. మెట్ల మీద నీకు చెప్పలేదు. అది నీదే అన్నా, ఎప్పుడూ నీదే. నన్ను మన్నించు."