తోటలో ఎనభై, మార్కెట్లో ముప్పై

"వానల్లో ట్రిప్పుకు ముప్పై అన్న నోటితోనే ఇప్పుడు ఎనభై అంటున్నావే, నీకు సిగ్గు లేదూ?"

1974 ఫిబ్రవరిలో, గోపన్‌పల్లి ద్రాక్షతోట గేటు దగ్గర, తోట ఆసామి విశ్వేశ్వరరావు అడిగిన ప్రశ్న ఇది. అడిగించుకున్నవాడు రాయదుర్గం ఎల్లేశం, సొంత లారీ నడుపుకునే మనిషి. గేటు లోపల కోసిన ద్రాక్ష బుట్టల్లో ఉంది. అది రేపటిదాకా ఆగే సరుకు కాదు.

"సిగ్గుకేంది సారూ, వానల్ల నన్ను ముప్పైకి దించిన నాడు మీకుండెనా?" అన్నాడు ఎల్లేశం, ఇంజను ఆపకుండానే.

ఎల్లేశం సాధువేమీ కాదు. అవసరంలో ఉన్నవాణ్ణి పిండడం అతనికీ వచ్చు. రాళ్లు కొట్టే ఇంట్లో పుట్టి, సుల్తాన్‌బజారు సేటు దగ్గర అప్పు చేసి పాత లారీ కొన్నాడు. మూడు కిస్తీలు తప్పితే లారీ సేటుది. అతని బతుకంతా ఈ ఒక్క షరతు మీద నడిచేది.

వానాకాలంలో రాళ్లు తీసే గుంటల్లో నీళ్లు నిలిచి, రాయి మోసే పని ఆగిపోతుంది. లారీలు అడ్డాలో పడివుంటాయి, ఎవడెంతిస్తే అంతకే కదులుతాయి. మాఘం వచ్చేసరికి నిజామాబాదులో పసుపు, పాలమూరులో వేరుశెనగ, ఇక్కడ ద్రాక్ష ఒకేసారి చేతికొస్తాయి. అప్పుడు లారీ కోసం ఆసాములే అడ్డాల చుట్టూ తిరుగుతారు. పైగా పంట ఒకవైపే పోతుంది. నిండుగా వెళ్లిన బండి ఖాళీగా తిరిగి రావాలి, ఆ ఖాళీ దారి డీజిలు కూడా కిరాయిలోనే రావాలి. ఆ యేడు డీజిలు ధర మండుతోంది కూడా. ఇందులో పాపం లేదు, పుణ్యం లేదు. రైతు దేశానికి వెన్నెముక అని ఉపన్యాసాలిచ్చేవాళ్లు మాత్రం ఆ రైతు సరుకు మోసే బండికి ఏడాది పొడుగునా వానాకాలపు రేటే ఉండాలంటారు.

అలాంటివాడొకడు గేటు దగ్గర తయారుగా ఉన్నాడు. విశ్వేశ్వరరావు బావమరిది, రిటైరైన తహసీల్దారు రామబ్రహ్మం.

"అన్నం పెట్టేవాడితో బేరమేమిటయ్యా? ఎనభయ్యే ఇస్తాం. ముప్పై మార్కెట్లో అడ్తిదారు ఇస్తాడు. తక్కిన యాభై కాపు అయిపోయాక ఒక్కసారే తీసుకుందువుగాని. నేను పూచీ."

ద్రాక్ష ఎవరికి అన్నం పెట్టిందో నాకు తెలియదు. ఎల్లేశం మాత్రం ఒప్పుకున్నాడు. మార్కెట్లో కిరాయి ఆసామి ఇవ్వడు. సరుకు అమ్మిపెట్టే అడ్తిదారు ఇచ్చి, ఆసామి లెక్కలో పట్టుకుంటాడు. అందుకే ఏ లారీవాడి బలమైనా బుట్టలు బండెక్కేదాకానే. దిగాక అతని మాట వినేవాడుండడు. తోట దగ్గర గట్టిగా అరిచి గెలిచిన రేటు మార్కెట్లోనూ గెలిచినట్టేనని నమ్మడం లారీవాళ్లే చెయ్యగల తప్పు.

ఆ సాయంత్రం భార్య చంద్రమ్మ దులిపేసింది.

"నిజామాబాదు పోతే పైసలు చేతిల పెడ్తుండ్రు. నువ్వు మాటలు మూటగట్టుకొని వచ్చినవ్."

"తహసీల్దారు పూచీ ఉన్నడే!"

"ఆయన పూచీతోని టైర్లల్ల గాలి కొట్టుకో."

కాపు అయ్యేలోగా ఎల్లేశం పందొమ్మిది ట్రిప్పులు వేశాడు. ముప్పైలో డీజిలు, కూలీ పోను కిస్తీకి మిగిలిందేమీ లేదు. రెండు కిస్తీలు తప్పాయి. ఎండాకాలంలో అడిగితే వడగళ్లు పడ్డాయన్నారు, ధర పడిందన్నారు, వచ్చే నెల అన్నారు. ఆషాఢంలో తడుచుకుంటూ మళ్లీ వెళ్లాడు. బావా బావమరదులు వరండాలో కాఫీ తాగుతున్నారు.

"ఇప్పుడు అడ్డాలో రేటెంత?" అన్నాడు విశ్వేశ్వరరావు.

"ఇప్పుడా? ముప్పై నడుస్తుంది."

"నీకు ముట్టిందీ ముప్పయ్యేగా. సరిపోయింది."

"పండ్లు మాఘంల అమ్ముకొని, కిరాయి వానల్ల లెక్కగడ్తరా సారూ? గిదెక్కడి న్యాయం?"

"పెద్దవాళ్ల ముందు గొంతు లేపకు," అన్నాడు రామబ్రహ్మం. పూచీ ఊసెత్తలేదు.

మూడో కిస్తీ తప్పిన వారానికి సేటు మనుషులు వచ్చి లారీ తోలుకుపోయారు. ఊళ్లో అందరూ తలరాత అన్నారు. తలరాత కాదు, విశ్వేశ్వరరావు. ఎల్లేశం ఇప్పుడు వేరొకరి లారీ మీద జీతానికి ఉన్నాడు. పసుపు కాలమైనా వానాకాలమైనా అదే జీతం.

ట్రిప్పుకు యాభై చొప్పున, పందొమ్మిది ట్రిప్పులకు తొమ్మిది వందల యాభై రూపాయలు. నాలుగేళ్లయింది. విశ్వేశ్వరరావు అందులో ఒక్క రూపాయి కూడా ఇవ్వలేదు.