శనగగింజంత పేస్టు

ఆ రోజు సాయంత్రం మా కోడలికి ఉద్యోగం కోసం పరీక్ష. ఇంట్లో కూర్చుని కంప్యూటర్ మీదే రాయాలి. మధ్యలో అది ఆగిపోతే మళ్లీ లోపలికి రానివ్వరట. మా కంప్యూటరేమో కొన్నాళ్లుగా కాసేపు నడిచి, వేడెక్కి, చెప్పాపెట్టకుండా ఆగిపోతోంది. ప్రాసెసర్ చిప్పు మీద కూర్చుని దాన్ని చల్లబరిచే చిన్న ఫ్యాను, అదే కూలర్, దాని కాలు విరిగిందని, కొత్తది బిగిస్తే చాలని కోడలు చెప్పింది. మా ఆయన మధ్యాహ్నం దిల్‌సుఖ్‌నగర్ పోయి ఆ కూలరు, ఇంజెక్షన్ లాంటి గొట్టంలో థర్మల్ పేస్టు తెచ్చాడు.

"పండ్లు తోమే పేస్టు తీర్గనే ఉన్నది. గిది రాస్తే సల్లగైతదా?" అని అడిగాడు.

"అది చల్లబరచదు మామయ్యా. చిప్పుకీ కూలరుకీ మధ్య సందు లేకుండా చేస్తుంది. వేడి పైకి లాగేస్తుంది," అంది కోడలు. వాళ్లది గుంటూరు వైపు. ఎల్బీ నగర్‌లోనే పెరిగినా మాట మారలేదు.

హాల్లో దుప్పటి పరిచి కంప్యూటర్ పెట్టె విప్పింది. నేను చిక్కుడుకాయలు ముందేసుకున్నాను గాని, చేయి సాగడం లేదు. పాత కూలరు తీసి, చిప్పు మీది పాత పేస్టు తుడిచి, కొత్తది నడిమధ్యన శనగగింజంత పెట్టింది. గడపకు పసుపు రాసే చేయి నాది. మూలలు వదిలితే నాకు మనసొప్పదు.

"జర ఎక్కువ పెట్టు బిడ్డా. అంచులకు అందలే."

"నొక్కితే అదే పరుచుకుంటుంది అత్తయ్యా. ఎక్కువైతే బయటికి కారుతుంది."

కూలరు అడుగున పల్చటి ప్లాస్టిక్ పొర ఉంది. కోడలు ఓ మూల గోటితో గీకబోతే మా ఆయన, "ఉండనియ్యి, గీతలు పడ్తయి," అన్నాడు. కొత్త వస్తువు మీది కవరు తీస్తే ఆయనకు గిట్టదు. మా ఫ్రిజ్ తలుపు మీది పొర అంచులు నల్లబడినా అలాగే ఉంది. తొందరలో కోడలు కూడా వదిలేసింది. నాకూ ఏమీ తోచలేదు. మరలు బిగించి స్విచ్ వేసింది.

ఫ్యాను తిరిగింది. తెర మీద వేడి అంకె ఎక్కసాగింది. అక్షరాలు యాభై ఏళ్లు దాటాక నేర్చుకున్నాను గాని, అంకెలు ముందునుంచీ తెలుసు. డెబ్బై, ఎనభై, తొంభై. తెర నల్లబడింది.

కోడలు గోడ గడియారం వైపు చూసి మళ్లీ మరలు విప్పసాగింది. మా ఆయన గుమ్మం దాకా పోయి వచ్చాడు, మళ్లీ పోయాడు.

"దుకాణంకి పోయి ఇంకోటి తేవాల్నా?"

"కాసేపు ఊరుకోండి మామయ్యా."

కూలరు తిప్పి పేస్టు తుడుస్తుంటే గుడ్డ కింద పొర ముడత పడింది. ఆమె చేయి ఆగింది. మూల పట్టి లాగితే పేస్టుతో సహా ఊడి వచ్చింది.

"ఎండలో ఉన్నవాడికి రగ్గు కప్పాం," అంది.

"నాకేమెర్క? నేను ఆటో నడిపేటోణ్ని," అని గొణిగాడు మా ఆయన.

"ఆటో ఇంజనుకు కవరు తొడిగి నడుపుతవా?" అన్నాను. కోడలు నవ్వింది గాని చేతులు ఆపలేదు.

గొట్టంలో ఇంకాస్త మిగిలి ఉంది. చిప్పు శుభ్రంగా తుడిచి మళ్లీ పెట్టింది. ఈసారి అంకె నలభై దాటి కాసేపు నిలిచింది. చివరిదాకా నిలుస్తుందో లేదో చూసే వ్యవధి లేదు. కోడలు గది తలుపు వేసుకుంది. కెమెరాలో పక్కన మనిషి కనిపించినా పరీక్ష పోతుందట.

తలుపు బయట పీట వేసుకుని పేపరు తెరిచాను. ఒకే వాక్యాన్ని పదే పదే చదివాను, ఏముందో ఎక్కలేదు. లోపల ఫ్యాను చప్పుడు పెరిగితే గుండె దడ. తగ్గితే ఆగిపోయిందేమోనని ఇంకా దడ. పైవాళ్లు మిక్సీ వేస్తే అదే అనుకుని లేచి నిలబడ్డాను.

"కూసోరాదు," అన్నాడు మా ఆయన.

"నువ్వు తిరుగుడు బంజెయ్, నేను కూసుంట."

ఎప్పటికో తలుపు తెరుచుకుంది.

"ఆగలేదు అత్తయ్యా. అన్నీ రాశాను. ఎన్ని కరెక్టో తెలీదు."

నేను లోపలికి పోయి, జ్వరం చూసినట్టు పెట్టె మీద అరచేయి ఆనించాను. గోరువెచ్చగా ఉంది. తీయబుద్ధి కాక, అలాగే ఉంచాను.