ఆల్చిప్పలకు తియ్యనీళ్ళు

మాది పూతలపట్టు దగ్గర మెట్ట పల్లె. నీళ్ళ రుచి చూడటం మాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. బోరు వేసినప్పుడు తొలి నీళ్ళు దోసిట్లో పట్టి నోట్లో పోసుకుంటాం. తియ్యగా ఉంటే టెంకాయ కొడతాం, ఉప్పగా ఉంటే తల పట్టుకుని కూర్చుంటాం. ఆ నాలుకతోనే సూళ్లూరుపేట అవతల, పులికాట్ సరస్సు ఒడ్డున, వేరే వాళ్ళ పంటకు కాపలా ఉంటానని నేనెన్నడూ అనుకోలేదు.

ఆ పంట మా వియ్యపురాలిది. నా కూతురు అక్కడి ఫ్యాక్టరీలో పనికి పోతుంది. దాని పసిబిడ్డను చూసుకోవడానికి వానాకాలమంతా నేను వాళ్ళింట్లోనే ఉన్నాను. వియ్యపురాలు, ఆ ఊరి ఆడవాళ్ళు కొందరు కలిసి సరస్సులో ఆల్చిప్పలు పెంచుతున్నారు. నీళ్ళలో సరుగుడు కర్రలు పాతి పందిరిలా కడతారు. ఖాళీ చిప్పలకు తూట్లు పొడిచి, తాడుకు దండలా గుచ్చి వేలాడదీస్తారు. కంటికి ఆనని ఆల్చిప్ప పిల్లలు నీళ్ళలో కొట్టుకొచ్చి ఆ చిప్పలకు అతుక్కుంటాయి. వాళ్ళు వాటిని విత్తనం అంటారు. అది కాస్త పెరిగాక విడదీసి వల బుట్టల్లో వేసి మళ్ళీ కడతారు. మేత లేదు, మందు లేదు. పట్టిన బురద కడగాలి, పీతల్ని ఏరి పారేయాలి. మా వేరుశనగ చేను ఇంత సుఖంగా ఏనాడూ పండలేదు.

చూడటానికి మాత్రం అసహ్యం. పైన గరుకు రాయి, లోపల చీమిడి ముద్ద. యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని, ఇంతకంటే మర్యాదగా రాయడం నాకు రాదు.

"ఒకటి తిను వదినా" అంది వియ్యపురాలు, నేను వచ్చిన కొత్తలో.

"ఈ పొద్దు శనివారం. నీచు ముట్టను."

మళ్ళీ అడిగితే సోమవారమన్నాను. ఆ తర్వాత గురువారమన్నాను.

"మీ ఊర్లో నోటికి తాళమేసే దేవుళ్ళు శానామంది ఉండారే!" అని నవ్వింది.

అంత ఎగతాళి చేసే మనిషి ఒక పొద్దున నన్ను పడవలో పందిరి దాకా తీసుకుపోయింది. చెంబుతో సరస్సు నీళ్ళు ముంచి నా చేతికిచ్చింది.

"నోట్లో పోసుకోని ఊసెయ్. ఎట్లుండాది?"

"ఉప్పు. నోరు మండిపోతాంది. నువ్వు సూసుకోరాదా?"

ఆమె చెంబు వెనక్కి తీసుకుంది. "జొరమొచ్చి పోయినాక నా నాలిక సచ్చిపోయింది వదినా. ఉప్పు తెలీదు, కారం తెలీదు. మన్ను తిన్నా ఒకటే, అన్నం తిన్నా ఒకటే. ఎవురికీ సెప్పొద్దు. రోజూ వచ్చి ఉప్పుండాదా లేదా సెప్పు, సాలు."

అసలు సంగతి నాకు నీళ్ళు మారిన రోజు గానీ తెలియలేదు. ఆల్చిప్పకు ఉప్పునీళ్ళే ప్రాణం. వానలు ముదిరి కాళంగి ఏరు పారితే సరస్సు నీళ్ళు ఉప్పు చచ్చి తియ్యబడతాయి. అప్పుడు బుట్టలు విప్పి, సముద్రం వచ్చి కలిసే మొగ దగ్గరికి మార్చాలి. ఆలస్యమైతే చిప్పలు నోళ్ళు తెరిచి చచ్చిపోతాయి. ఉప్పు కొలిచే సాధనం ఒకటి ఉండేదట, అది పాడై మూలన పడింది. నీళ్ళు చూసి చెప్పే పని మొదటి నుంచీ వియ్యపురాలిదే. ఆమె నాలుక పోయిందని తెలిస్తే ఆ పెద్దరికం పోతుంది. తెలియకపోతే అందరి పంటా పోతుంది.

రోజూ పోయి చూస్తూనే ఉన్నాను. తర్వాత వానలు పట్టాయి. తెరిపిచ్చిన పొద్దున పడవలోంచి వంగి నీళ్ళు నోట్లో పోసుకుంటే ఉప్పు పలచనైంది. నాకు ప్రాణం లేచి వచ్చింది.

"వదినా! తియ్యబడినాయి! టెంకాయ తెచ్చేదా?"

వియ్యపురాలు పడవలోనే చతికిలబడింది. మా ఊళ్ళో ఉప్పునీళ్ళు పడితే కూర్చునే తీరు అదే.

"టెంకాయ ఎందుకమ్మా, నా గుండె మింద కొట్టు" అంది.

ఒడ్డుకొచ్చి ఆడవాళ్ళందరినీ పిలిచింది. బుట్టలు ఈ రోజే మార్చాలంది. వాళ్ళలో పెద్ద నోరున్న ఒకామె నడుం మీద చేతులు పెట్టుకుంది.

"నిన్నటి దాకా ఉప్పే అంటివి గదక్కా. ఈ గాలిలో పడవ యాడికి పోతాది? రెండ్రోజులు ఆగుదాం."

తను చూడని రుచి గురించి వియ్యపురాలు ఏమని వాదిస్తుంది? నేను ఊరుకోలేకపోయాను.

"నీళ్ళు సూసింది నేను. ఆమె నాలిక్కి రుచి లేదు, జొరం తినేసింది. నా మాట నమ్మకపోతే పోయి మీరే తాగి సూడండి."

వియ్యపురాలు నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. ఆ పెద్దనోరామె మాత్రం నవ్వింది.

"అది మాకు తెలీదా? పండగనాడు ఈయమ్మ పంపిన ఉప్పు కషాయం పులుసు తిని మా ఇంట్లో బిందెడు నీళ్ళు తాగినారు. తనే సెప్తాదిలే అని నోరు మూసుకున్నాం. కొత్త నాలిక తెచ్చుకున్నానని ముందే సెప్పుంటే సరిపోయుండు!" అంటూ నడుముకు కొంగు బిగించింది.

గాలి తగ్గాక పడవలు కదిలాయి. బుట్టలు విప్పడం, ఎత్తడం, మొగ దగ్గర మళ్ళీ కట్టడం. పొద్దు గూకే దాకా అదే పని. ఒడ్డున బిడ్డను చంకనేసుకుని నేనూ కట్టు తాళ్ళ చుట్టలు విప్పి అందించాను. చివరి వరుస బుట్టలు తేలేకపోయారు. అవి చచ్చిపోయాయి, ఆ కంపు చాలా రోజులుంది. మిగిలినవి బతికాయి.

నేను ఊరికి బయలుదేరే ముందు వియ్యపురాలు కొన్ని ఆల్చిప్పలు తెచ్చి, కడిగి, మూత పెట్టి ఆవిరి పట్టింది. నోరు తెరిచినవాటిని పళ్ళెంలో పెట్టింది. తెరవనివి పారేసింది. కొన్నిటి మాంసం ఉల్లిపాయ, మిరియాలు వేసి వేయించింది. కొన్ని చిప్పలోనే ఉంచి నిమ్మకాయ పిండింది.

"బుధవారం వదినా. ఈ పొద్దు ఏ దేవుడూ అడ్డం రాడు. నా పంట నేను తిన్నా నాకు తెలీదు. నువ్వు తిని సెప్పు."

నిమ్మకాయ పిండినది ఒకటి కళ్ళు మూసుకుని నోట్లో వేసుకున్నాను. ఆమె నా మొహాన్నే చూస్తోంది. మాటల కోసం నేను అంతగా ఎన్నడూ వెతుక్కోలేదు.

"ముందర ఉప్పు" అన్నాను. "నమిలితే తీపి. పచ్చి శనక్కాయలు ఉప్పేసి ఉడకేస్తే లోపల పప్పుకు ఉంటాదే, ఆ తీపి. మింగినాక ఇనుము వాసన. కొత్త బోరులో తొలి నీళ్ళకు ఉండేది."

ఆమె కూడా ఒకటి తీసుకుని మెల్లగా నమిలింది.

"శనక్కాయ" అంది. "ఊఁ."

బాగుందా అని అడగలేదు. అడిగుంటే లేదనే చెప్పేదాన్ని.

"వేయించింది ఎట్లుండాదో సెప్పు" అని పళ్ళెం నా వైపు జరిపింది. నేను ఇంకొకటి తీసుకున్నాను.