ఆకు దూసిన చెయ్యి

థామ్‌కు కియెత్ మీద కసి ఇవాళ్టిది కాదు. నాన్న పక్షవాతంతో మంచాన పడ్డ ఏడు, "నువ్వు లేచేదాకా నా దగ్గరుంచుకుంటా అన్నయ్యా, ఎండిపోతుంది" అని తియ్యగా మాట్లాడి, నాన్న పెంచిన మాయ్ చెట్టును తొట్టితో సహా పడవెక్కించుకుపోయాడు నాన్న ప్రాణస్నేహితుడైన ఆ కియెత్. తన వాకిట్లో పెట్టి, తన చెట్టేనని ఊరంతా చెప్పుకున్నాడు. వాడి నోట్లో మట్టి పడ!

కొత్త ఏడాది తేత్ పండగ పొద్దున సరిగ్గా పసుప్పచ్చటి మాయ్ పూలు విచ్చాలి. అందుకే చో లాక్ ఊరి తోటల్లో పన్నెండో నెల సగంలో ఆకులన్నీ చేత్తో దూసేస్తారు. ఆకులోని హార్మోను మొగ్గను జోకొడుతుంది, వేరునుంచి వచ్చేది లేపుతుంది. ఆకు పోతే వేరుదే పైచేయి. కొమ్మ చివరి చిగురు మరీ గడుసుది. దాన్ని గిల్లకపోతే కింది మొగ్గల్ని తలెత్తనివ్వదు. ఇదంతా నాన్న నేర్పిందే.

ఈ ఏడు ఆకు దూసే రోజుల్లో కియెత్ తోటకు కూలికి వెళ్లింది థామ్.

"ఏమ్మా, ఇన్నాళ్లకు దారి తెలిసిందా?"

"మా నాన్న చెట్టు నేనే దూస్తా బాబాయ్. ఇంకెవర్నీ తాకనివ్వకు."

"దూయి తల్లీ, నీ చేతికంటే మంచి చెయ్యి దొరుకుతుందా!"

ఆకు ఆకుకూ మొదట్లో ఉన్న గుండ్రటి పూమొగ్గను గోటితో తుంచేసింది. చివరి చిగుళ్లను ఒక్కటీ గిల్లలేదు. పండక్కొచ్చినవాళ్ల ముందు నీ తల వంగాలిరా అని పళ్లు నూరుకుంది.

పండగ ముందురోజు రేవులో పడవ ఆగింది. మనుషుల చేత చెట్టును దింపించి, కియెత్ నాన్న మంచం పక్కన కూలబడ్డాడు.

"తప్పు చేశానన్నయ్యా. నా చూపు కూడా పోతోంది. ఇది నీ కళ్లముందే పూయాలి."

నాన్న ఏడ్చాడు. "రేపు కొత్త ఏడాదికి నా గడపలో మొదటి అడుగు నీదే కావాలిరా, ఏడాదంతా నాకు శుభం" అన్నాడు. ఒక్క పూమొగ్గైనా మిగిలిందేమోనని థామ్ కొమ్మకొమ్మా వెతికింది.

తెల్లారింది. చెట్టంతా నవనవలాడే లేతాకు, ఒక్క పువ్వు లేదు. పండగనాడు మాయ్ పూయని ఇంటికి ఏడాదంతా కీడే. కొత్త చొక్కాతో కియెత్ లోపలికొచ్చాడు.

"పాడుచేసి తెచ్చావట్రా! పో, నా గడప తొక్కకు!" నాన్న గొంతు చించుకున్నాడు.

"నాకేం తెలీదన్నయ్యా... దూసింది అమ్మాయే కదా."

నాన్న కూతురివైపు తిరిగాడు. ఇప్పుడైనా చెప్పేయొచ్చు. కానీ కియెత్ ముందు ఓడిపోవడమా? చచ్చినా చెప్పదు!

"దూసింది నేనే. ఆ తర్వాత చెట్టు మీద ఏం మందు చల్లాడో నాకేం తెలుసు?"

కియెత్ తడుముకుంటూ కొమ్మల చివర్లు పట్టి చూశాడు. ఒక్క చిగురూ గిల్లి లేదు. థామ్ వైపు ఒకసారి తల తిప్పి, రేవుకు నడిచాడు.

"బాగా అడిగావమ్మా" అన్నాడు నాన్న.