చెయ్యి వెయ్యనన్న డాక్టరు

నడుము పట్టేసిందని ఒక్కసారి నోరు జారితే చాలు, సలహా చెప్పనివాళ్లంటూ ఉండరు. పంటి నొప్పి అంటే జాలిపడతారు, జ్వరమంటే దూరం జరుగుతారు, నడుమంటే మాత్రం ప్రతివాడూ డాక్టరే. మడతల పెద్దమ్మకు ఆ సంగతి బాగా తెలుసు. అందుకే తడి దుప్పట్ల మూట ఎత్తుతుండగా నడుములో కలుక్కుమన్నా పైకి అనలేదు. మూటను బండిలో పడేసి, బండి అంచు పట్టుకుని కాసేపు నిలబడింది. ఎవరో చూస్తున్నారనిపించగానే, బండి చక్రాలు తిరగడం లేదని మేస్త్రీని నాలుగు తిట్టి మళ్లీ పనిలో పడింది.

ఆమె పనిచేసేది పెద్ద లాండ్రీలో. ఊళ్లో హోటళ్ల దుప్పట్లు, గలీబులు, తువ్వాళ్లు అన్నీ అక్కడికే వస్తాయి. ఉతికే యంత్రాలు ఒక గదిలో, ఆవిరి ఇస్త్రీ ఇంకో గదిలో, చివర కిటికీల పక్కన పొడవాటి మడతల బల్ల. ఆ బల్ల ఆమె రాజ్యం. అంచుకు అంచు కలవని దుప్పటి చేతికి చిక్కితే, మడిచిన పిల్ల కళ్ల ముందే దులిపి విప్పేసేది. దీన్ని మడిచావా, దీని మీద పడుకుని లేచావా అని అడిగేది. ఆడపిల్లలు చాటుగా తిట్టుకునేవారు. అయినా కొత్తగా చేరిన ప్రతి పిల్లా ఆమె పక్కనే నిలబడాలని చూసేది, ఎందుకంటే ఆమె పక్కనున్నవాళ్ల జోలికి మేస్త్రీ వచ్చేవాడు కాదు. మొగుడు పోయాక ఆ బల్ల దగ్గర నిలబడే కూతుర్ని పెంచింది, పెళ్లి చేసింది. ఒకరి చేత మాట పడలేదు, ఒకరి చేత గ్లాసుడు మంచినీళ్లు తెప్పించుకోలేదు.

నొప్పి నడుములో ఆగితే బాగుండేది. పిర్ర మీదుగా కాల్లోకి దిగింది. బల్ల దగ్గర ఒంటికాలి మీద బరువు మోపి నిలబడటం చూసి బాయిలర్ దగ్గర పనిచేసే అతను పట్టేశాడు. మార్కెట్ వెనక మేడ మీద ఒకాయన ఉన్నాడనీ, పేరెవరికీ తెలియదు గానీ అందరూ పటపటలాయన అంటారనీ, ఒంట్లో ఎముకలన్నిటినీ పేరు పెట్టి పిలిచినట్టు పలికిస్తాడనీ, ఆ చప్పుడు కింద కూరగాయల కొట్టుదాకా వినిపిస్తుందనీ చెప్పాడు. తన మెడ ఆయనే సరిచేశాడట. నిజమే, ఆ మెడ ఇప్పుడు ఏ పక్కకైనా తిరుగుతుంది, ముఖ్యంగా ఆడపిల్లలు నడిచే పక్కకి. ఇస్త్రీ గదిలో వాళ్లంతా అతనికే వంత పాడారు. చప్పుడు రాకుండా పూస సర్దుకుందని ఎలా తెలుస్తుందని వాళ్ల వాదన. పెద్దమ్మకూ అది సబబుగానే తోచింది. ముప్పొద్దులా యంత్రాల మధ్య బతికిన మనిషి, పని జరిగితే చప్పుడు రావాలనుకోవడంలో వింతేముంది.

కూతురు మాత్రం ఒప్పుకోలేదు. ఆ పిల్ల మందుల షాపులో పనిచేస్తుంది. అక్కడికి వచ్చే నర్సును అడిగి, బస్సు డిపో పక్కన ఉన్న కైరోప్రాక్టర్ సంగతి తెలుసుకొచ్చింది. మందులూ కోతలూ లేకుండా చేతులతో వెన్ను సరిచేసే చదువు చదివినవాడట. అన్నీ అడిగి, పరీక్ష చేసి గానీ ముట్టుకోడట. ఇంకెవరి దగ్గరికి వెళ్లినా నేనూరుకోనని కూతురు కరాఖండిగా చెప్పేసింది. తీరా వెళ్లే రోజున షాపులో సెలవు దొరకలేదు. పార్సిళ్ల వ్యాను తోలే అల్లుడు నేను తీసుకెళ్తానన్నాడు.

అల్లుడు మంచివాడు, మాట తక్కువ మనిషి. అత్తా అల్లుళ్ల మధ్య అన్నీ మర్యాదలే. అతను ఇంట్లో ఉంటే ఆమె కాళ్లు చాపుకుని కూర్చునేది కాదు. ఆమె స్నానానికి వెళ్తే అతను ఏదో పని కల్పించుకుని వీధిలోకి పోయేవాడు. ఒకే కప్పు కింద ఇన్నేళ్లు ఉండి ఆమె అతన్ని ఏనాడూ నువ్వు అనలేదు.

ఆ రోజుకి పెద్దమ్మ ఒంట్లో ఇంకో సంగతి కూడా మొదలైంది. అది ఎవరికీ చెప్పలేదు, కూతురికి కూడా. స్టూలు మీద కూర్చుంటే మధ్యలో ఎవరో మెత్తటి గుడ్డ మడిచి పెట్టినట్టుండేది. చూస్తే గుడ్డ ఉండేది కాదు. ఒంటికి వెళ్తే చాలాసేపు కూర్చోవలసి వచ్చేది, ఆ తర్వాత అయిందో లేదో తెలిసేది కాదు. నొప్పి ఎవరికైనా చెప్పుకోవచ్చు. ఇది చెప్పుకునే రకమా? నాలుగు రోజుల్లో అదే పోతుందని సరిపెట్టుకుంది.

డిపో పక్క డాక్టరు బక్కపల్చటి మనిషి. ఆమెను కూర్చోబెట్టి ప్రశ్నలు మొదలుపెట్టాడు. ఎప్పటి నుంచి, ఏం ఎత్తారు, దగ్గితే నొప్పి పెరుగుతోందా, ఏ కాలు, ఏ వేలు. అల్లుడు పక్క కుర్చీలో కూర్చుని గోడ మీది అస్థిపంజరం బొమ్మ చూస్తున్నాడు. చెప్పినవన్నీ విన్నాక డాక్టరు గొంతు కాస్త తగ్గించాడు.

"కూర్చునే చోట తిమ్మిరిగా ఉంటోందా అమ్మా? మూత్రం వచ్చేది తెలుస్తోందా?"

పెద్దమ్మకు తల కొట్టేసినట్టయింది. అల్లుడు సగం లేచాడు. లేచి వెళ్తే ఆ మాట తను విన్నట్టవుతుందనిపించిందో ఏమో, మళ్లీ కూర్చున్నాడు. డాక్టరు గుడ్డివాడేం కాదు. మీరు కాసేపు బయట ఉంటారా అని అతన్ని మర్యాదగానే అడిగాడు. అక్కడే ఒడ్డున పడాల్సింది ఆమె. కానీ అతన్ని బయటికి పంపడమంటే, తర్వాత తను చెప్పబోయేది ఏమిటో అతనికి చెప్పేయడమే.

"ఉండనివ్వండి. మా అల్లుడుగారి ముందు దాచాల్సింది నాకేం లేదు. అన్నీ బాగానే ఉన్నాయి."

డాక్టరు ఆ మాటతో ఊరుకోలేదు. చిన్న సుత్తితో మోకాలి కింద కొట్టాడు, మడమ వెనక కొట్టాడు. ఒక పాదం ఎగిరింది, రెండోది ఎగరలేదు. సుత్తి పక్కన పెట్టేసి, ఈ నడుము మీద నేను చెయ్యి వెయ్యను అన్నాడు. లోపల నరాలు నలుగుతున్నట్టున్నాయి, నొక్కితే ప్రమాదం, ఈ రోజే పెద్దాసుపత్రికి వెళ్లి స్కాను తీయించుకోండి, రేపటిదాకా ఆగకండి అని ఇద్దరికీ చెప్పాడు. ఆసుపత్రికి నేనే ఫోను చేసి చెప్తానన్నాడు కూడా.

మెట్లు దిగేసరికి పెద్దమ్మ కోపం నాలిక మీదికొచ్చింది. అంత చదువూ చదివి చెయ్యి వెయ్యడం రాదా. వచ్చినవాళ్లను ఆసుపత్రికి పంపేందుకు ఈయనెందుకు, రోడ్డు మీద ఒక బాణం గుర్తు చాలదా. పరాయి ఆడవాళ్లను అడగాల్సిన మాటలేనా అవి. చివరి మాట పైకి అనలేదు, అది కూడా అల్లుడి ముందు అనదగ్గది కాదు. మార్కెట్ వైపు పోనివ్వండి బాబూ అంది. ఆసుపత్రి అన్నారు కదా అత్తయ్యా అని అతను నీళ్లు నమిలాడు. రేపు వెళ్దాం, ముందు నడుము సర్దుకోనివ్వండి అంది. నిజంగా అన్నీ బాగానే ఉన్నాయా అని అతను అడగాలి. అడగాలంటే డాక్టరు అన్న మాట మళ్లీ అనాలి. వ్యాను మార్కెట్ వైపు తిప్పాడు.

పటపటలాయన మేడ మెట్ల మీదే జనం కూర్చున్నారు. లోపలి నుంచి చప్పుడు వచ్చినప్పుడల్లా వాళ్ల మొహాలు వెలిగేవి. గోడల నిండా పహిల్వాన్లు ఆయన భుజం మీద చెయ్యేసి నవ్వుతున్న ఫోటోలు. ఆయన నిండైన మనిషి, చేతులు రోకళ్లలా ఉన్నాయి. ఎక్కడ అని మాత్రం అడిగాడు. ఆమె చూపించింది. అల్లుడు గుమ్మం బయటే నిలబడ్డాడు. ఇక్కడ ఎవరూ చెప్పకుండానే బయట నిలబడే ఏర్పాటు ఉంది, ఆమెకు అదీ నచ్చింది. పక్కకు తిప్పి పడుకోబెట్టి, తుంటి మీద మోకాలు ఆనించి, ఒక్క తోపు తోశాడు. మెట్ల మీది వాళ్లంతా విన్నారు.

నిజం చెప్పుకోవాలి, ఆమెకు హాయిగానే ఉంది. కాల్లో మండుతున్న నొప్పి చప్పున చల్లారిపోయింది. మెట్లు దిగుతూ, వెనక వస్తున్న అల్లుడితో, పని తెలిసినవాడికి ప్రశ్నలెందుకు బాబూ అంది. దారి పొడవునా హుషారుగా మాట్లాడింది. ఇంటి ముందు దిగబోతే ఎడమ కాలు పరాయివాళ్ల కాలులా వేలాడింది. తలుపు పట్టుకుని దిగి, వెనక్కి తిరిగి చూస్తే సీటు తడిసి ఉంది. ఎప్పుడు తడిసిందో ఆమెకు తెలియదు.

అల్లుడు చూశాడు. అతను చూడటం ఆమె చూసింది. ఆమె గోడ పట్టుకుని లోపలికి వెళ్లి బట్టలు మార్చుకుని, తలనొప్పిగా ఉందని పడుకుంది. అతను సీటు తుడిచి, కిటికీలు తెరిచి పెట్టి, పార్సిళ్లు ఇవ్వడానికి పోయాడు. పెళ్లాం వచ్చాక, డాక్టరు ఆసుపత్రికి వెళ్లమన్నాడనీ, మీ అమ్మ రేపు అందనీ చెప్పాడు. అంతే చెప్పాడు. తెల్లారి పెద్దమ్మ మంచం దిగి నిలబడబోయి గచ్చు మీద కూలబడిపోయింది.

ఆసుపత్రిలో స్కాను తీసి, తీసిన పూటే ఆపరేషను చేశారు. తిమ్మిరి ఎప్పుడు మొదలైందని సర్జను అడిగితే ఈసారి చెప్పింది. గదిలో కూతురు ఒక్కతే ఉంది. నాక్కూడా ఎందుకు చెప్పలేదమ్మా అని కూతురు ఒకసారి అడిగి, తర్వాత గోడకేసి తిరిగి ఏడ్చింది. మొదలైనప్పుడే వచ్చుంటే అని సర్జను ఏదో అనబోయి ఆపేశాడు. కాళ్లు స్వాధీనంలోకి రాలేదు. ఒంటికి వచ్చేది తెలియడమూ తిరిగి రాలేదు. మూత్రానికి గొట్టం పెడితే జ్వరాలు వస్తున్నాయని అది కూడా తీసేసి ఇంటికి పంపారు.

బల్ల దగ్గరి పిల్లలు చూడటానికి వచ్చారు. వాళ్ల ముందు ఏడవలేదు. వెన్ను చూపించుకోవాలంటే ఎవరి దగ్గరికి వెళ్లాలో వాళ్లకు పాఠం చెప్పింది. మొదటి రోజే ముట్టుకునేవాడి గుమ్మం ఎక్కొద్దంది. సిగ్గు పడేలా అడిగేవాడు దొరికితే వదలొద్దంది, నాకు చేతకాదని ఒప్పుకునేవాడు ఇంకా మంచివాడంది. వెళ్లేటప్పుడు మొగాళ్లను వీధిలోనే వదిలెయ్యమంది. బాయిలర్ అతను కూడా వచ్చాడు. పటపటలాయన దగ్గర జనం ఏం తగ్గలేదు పెద్దమ్మా, అందరికీ ఇలా అవదు కదా అన్నాడు. అవదు, నాకొక్కదానికే అవ్వాలని రాసుంది, నీ మెడ జాగ్రత్త అంది.

కూతురు పొద్దున షాపుకు వెళ్తే చీకటి పడ్డాకే వచ్చేది. ఆ ఉద్యోగం మానితే ఇల్లు గడవదు. అల్లుడు పగలంతా ఇంట్లో ఉండేలా సాయంత్రం పార్సిళ్లకు మారాడు. అన్నం పళ్లెం తెచ్చి స్టూలు మీద పెట్టేవాడు, మంచినీళ్లు పెట్టేవాడు, అటు చూస్తూ వెళ్లిపోయేవాడు. పక్క తడిస్తే ఆమెకు తడి తెలియదు, వాసన తెలుస్తుంది. అతనికీ తెలిసేది. ఆమె మంచానికి అడ్డుగా కట్టిన కర్టెను దాకా వచ్చి, వెనక్కి వెళ్లి కుర్చీలో కూర్చునేవాడు. అత్తను ఆ స్థితిలో చూడటం ఆమెకు అవమానమని అతను ఆగేవాడు. పిలిస్తే అతన్ని ఇబ్బంది పెట్టినట్టవుతుందని ఆమె పిలిచేది కాదు. కూతురు వచ్చేదాకా ఆమె అలాగే పడి ఉండేది.

నడుము కింద పుండు పడింది. కట్టు కట్టడానికి వచ్చే నర్సు, కూతురికి సెలవున్న ఒకరోజు, పుండు లోతు చూసి కట్టు పక్కన పెట్టేసింది. ఇంట్లో మనిషి ఉండగా ఈవిడ పొద్దస్తమానం తడిలో ఎందుకుంటోందని కూతుర్ని నిలదీసింది. ఇది ఎముక దాకా పోతోంది, పోయిందంటే కాళ్ల సంగతి కాదు, ప్రాణం సంగతే చూసుకోవాలి అంది. కూతురు మొగుడి మొహం చూసింది. అతను తల దించుకున్నాడు. మంచం మీది నుంచి పెద్దమ్మ ఇద్దర్నీ చూసింది.

మర్నాడు కూతురు వెళ్లిపోయాక, ఎండ కిటికీ దాకా రాకముందే, వాసన వచ్చింది. పెద్దమ్మ కళ్లు మూసుకుంది. బయట గదిలో కుర్చీ కిర్రుమంది. అడుగులు కర్టెను దాకా వచ్చి ఆగాయి. ఎప్పటిలాగే ఇంకాసేపటికి వెనక్కి పోతాయి.

"బాబూ, లోపలికి రండి."

కర్టెను అవతలి నుంచే అతను అన్నాడు.

"అమ్మాయి వచ్చేస్తుంది కదా అత్తయ్యా."

"అమ్మాయి వచ్చేసరికి ఈ పుండు ఇంకో వేలెడు తినేస్తుంది. రండి."

అతను వచ్చాడు. ఏదెక్కడుందో అతనికి తెలియదు. గుడ్డలు కింద అరలో, ఉతికిన దుప్పటి పైన, బేసిను తలుపు వెనక అని ఆమె ఒక్కొక్కటే చెప్పింది, బల్ల దగ్గర కొత్త పిల్లకు చెప్పినట్టు. అతను వంటింట్లో నీళ్లు కాచి బేసినులో తెచ్చాడు. ఆమెను పక్కకు తిప్పేటప్పుడు వేళ్ల కొసలతో పట్టుకున్నాడు. గట్టిగా పట్టుకోండి, నేనేం గాజు సామాను కాదు అంది. మొహం గోడ వైపు పెట్టుకుంది. తడి దుప్పటి లాగేసిన చప్పుడు, ఆ తర్వాత గుడ్డ పిండిన చప్పుడు వినిపించాయి.

"నీళ్లు మరీ వేడిగా ఉన్నాయా అత్తయ్యా?"

"నాకేం తెలుస్తుందయ్యా. నువ్వే చెయ్యి పెట్టి చూడు."

అతను పెట్టి చూసి, చన్నీళ్లు తేవడానికి లేచాడు.