ఓబప్ప మామ డేరాలో చావు లేదు

మా ఓబప్ప మామ సినిమాలో ఎవర్నీ చావనిచ్చేవాడు కాదు. తుపాకీతో కాల్చినా సరే, కొండ మీంచి తోసినా సరే, ఆయన నోట్లో పడ్డ మనిషి బతికి తీరవలసిందే.

మా యజమాని సదాశివం ముదలాళి పాపారపట్టిలో డేరా సినిమా నడుపుతున్న రోజులవి, నలభై నాలుగో సంవత్సరం. నేను బొమ్మ వేసే మిషన్ తిప్పేవాణ్ణి. ఇంగ్లీషు బొమ్మ వచ్చినప్పుడు తెర పక్కన నిలబడి, సగం తమిళం సగం తెలుగులో కథ విప్పి చెప్పడం మామ ఉద్యోగం. ఆయనకు ఇంగ్లీషు ఎలా వచ్చిందంటే, ఒకప్పుడు సర్వే దొర దగ్గర రెండేళ్లు వంట చేశాడు. ఉప్పు, కోడి, వేణ్ణీళ్లు, వీటి వరకు ఆయన ఇంగ్లీషుకు తిరుగులేదు. మిగతాదంతా ధైర్యం.

ఒకసారి యుద్ధం బొమ్మలో తెల్ల సిపాయి ఒకడు గుండు తగిలి బురదలో పడ్డాడు. మామ గొంతు సవరించుకున్నాడు.

"కాలు జారినాడు. పాపం, కొత్త బూట్లు."

"సిలువ పాతుతా ఉండారు కదా మామా!" అని సోడాలమ్మే ఎల్లప్పన్ వెనక నుంచి అరిచాడు.

"జారిన చోటుకి గుర్తు పెడతా ఉండారు రా. ఇంకొకడు జారకూడదని!"

డేరా అంతా ఈలలు. నిజం చెప్పొద్దూ, జనం సగం మంది బొమ్మకు వస్తే, సగం మంది ఈ తగవుకు వచ్చేవాళ్లు.

ముదలాళికి మాత్రం ఇది పెద్ద తలనొప్పి. పెన్నాగరం మాస్టారొకాయన "మీ డేరాలో యముడికి టికెట్టు ఇవ్వరట గదా" అని నవ్విపోయాడు. అది ముదలాళికి ముల్లులా గుచ్చుకుంది.

"యోవ్ ఓబప్పా! చచ్చినోణ్ణి చచ్చినాడనే చెప్పు. ఇంకొక్కణ్ణి బతికించినావో, నువ్వు మళ్లీ గరిటె పట్టుకోవాల్సిందే!"

"సరే ముదలాళీ" అన్నాడు మామ, బుద్ధిగా.

ఆ వారమే గని బొమ్మ వచ్చింది. ఏదో నవల నుంచి తీశారట. బొగ్గు గనిలో పనిచేసే ఒక కుటుంబం కథ. చివర్లో గని కూలి తండ్రి చచ్చిపోతాడు. రీళ్ల పెట్టె రాగానే నేనూ మామా ఒకసారి వేసి చూశాం. మామ ఆ పూట అన్నం సరిగా తినలేదు.

మొదటి ఆటకు ఏరియూరు అంకాలమ్మ వచ్చింది. ఆమె మొగుడు మారప్ప మైసూరు సీమలో బంగారు గని పనికి పోయాడు. రెండు నెలలుగా ఉత్తరం ముక్క లేదు. గని సినిమా అని ఎవరో చెప్పగానే, అందులో మొగుడు కనిపిస్తాడేమోనని బండెక్కి వచ్చేసింది.

"మామా, మా ఇంటాయన కనపడితే ఒక మాట చెప్పు. నాకు చూపు ఆనదు" అంది.

"చెప్తాను తల్లీ, ముందర కూచో."

బొమ్మలో గని మనుషులు గుంపుగా పాట పాడుకుంటూ ఇళ్లకు వస్తున్నారు. అందరి మొహాలూ బొగ్గే. అంకాలమ్మ లేచి నిలబడింది.

"ఈళ్లలో ఉండాడా మామా?"

"ముందర వచ్చేది తెల్లోళ్లమ్మా. మనోళ్లు వెనకాల వస్తా ఉంటారు. కూచో."

కూర్చుంది. కళ్లు మాత్రం తెర మీంచి తీయలేదు.

చివరి రీలు పడింది. గనిలో ప్రమాదం కూత మోగింది. బొమ్మలోని ఆడవాళ్లు పరుగెత్తుకొచ్చి గని నోటి దగ్గర నిలబడ్డారు. కొంగు నోట్లో కుక్కుకుని ఇక్కడ అంకాలమ్మా నిలబడింది. గుమ్మం దగ్గర ముదలాళి చేతులు కట్టుకుని మామనే చూస్తున్నాడు. మనుషుల్ని పైకి తెచ్చే ఇనుప బోను గనిలోంచి వచ్చింది. కొడుకు ఒళ్లో తండ్రి తల, మూసిన కళ్లు.

మామ తెర వైపు చూడలేదు, అంకాలమ్మ వైపు చూశాడు. అప్పుడు గానీ నా మట్టిబుర్రకు తట్టలేదు. కొత్త బూట్ల సిపాయి పడ్డ రోజు ముందు వరుసలో మునిలక్ష్మమ్మ ఉంది. ఆమె కొడుకు బర్మా యుద్ధంలో ఉన్నాడు. ఈయన ఎప్పుడూ ముందు జనాన్ని చూసుకుని, ఆ తర్వాతే కథ చెప్పేవాడు!

"ఏమైంది మామా ఆయనకు?" అంది అంకాలమ్మ.

"ఏమీ కాలేదు తల్లీ. మూడు దినాలుగా పనిలో ఉండాడు. అలిసి నిద్రపోయినాడు."

ముదలాళి నోరు తెరిచాడు. డేరా అంతా ఎల్లప్పన్ వైపు తిరిగింది. వాడు సోడాబుట్ట కింద పెట్టాడు.

"ఔను మామా. గురక ఇక్కడిదాకా వినపడ్తా ఉంది."

ముదలాళి నోరు మూసుకున్నాడు. అంకాలమ్మ కూర్చుంది.

మర్నాడు మామ ఉద్యోగం పోలేదు. తీసేస్తానని బెదిరించడం మాత్రం ముదలాళి మానలేదు. నెల తిరక్కుండానే మారప్ప ఊడిపడ్డాడు. ఆయనకు రాయడం రాదు, రాసిపెట్టేవాడు సెలవు మీద పోయాడట. అంతే సంగతి! వచ్చిన మూడోరోజు కళ్లు ఎర్రగా చేసుకుని డేరాకొచ్చి మామ మీద పడ్డాడు.

"ఏం చెప్పినావు మామా దానికి? నేను కన్ను మూస్తే చాలు, లే లే అని కుదిపి లేపుతా ఉంది! రెండు దినాలుగా నిద్ర లేదు నాకు!"

మామ వాణ్ణి రెక్క పట్టుకుని ముదలాళి ముందుకు లాక్కుపోయాడు.

"నిద్రేనని నేను చెప్పలేదా ముదలాళీ? లేచినాడు చూడండి!"